ఆరు గేమ్‌ల చదరంగం మ్యాచ్‌లో నల్లతో ఏం ఆడాలి? బెర్లిన్ సరిపోతుందా?

నల్లగడి (ప్రశ్న):
ఒకే ప్రత్యర్థితో 6 గేమ్‌ల చాంపియన్‌షిప్ మ్యాచ్, క్లాసికల్ (ఎక్కువ సమయమిచ్చే ఆట). మూడింట్లో నల్ల పావులు. ఆడబోయే అమ్మాయి రేటింగ్ 1900 దగ్గర, ఇన్నాళ్ళూ ఇ4కి (తెల్ల రాజు ముందు బంటును రెండు గళ్ళు తోయడం) నైడార్ఫే ఆడింది, అంటే సి5తో మొదలయ్యే సిసిలియన్‌లో ఒక పదునైన దారి. అవతలి అమ్మాయి ఎక్కువగా ఇ4, ఆ తర్వాత ఇ5కి రూయ్ లోపెజ్ (బిషప్‌ను బి5కి తెచ్చే ఓపెనింగ్), అప్పుడప్పుడు డి4. లెక్కలు వేగంగా వేస్తుంది, దాడి మొదలైతే ఆపడం కష్టం. 2000 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో కాస్పరోవ్ మీద క్రామ్నిక్ చేసినట్టు బెర్లిన్‌తో (రూయ్ లోపెజ్‌కు నల్ల ఇచ్చే ఒక జవాబు) క్వీన్లు మార్చేస్తే ఆ బలం తగ్గుతుందని మా ఆలోచన. రెండు నెలల సమయం ఉంది. ఇది సరైన దారేనా? డి4కి ఏం చేయాలి?

బంటుబలం:
దారి సరైనదే, కానీ బెర్లిన్‌ను "డ్రా ఓపెనింగ్" అనుకుని మొదలుపెడితే మాత్రం దెబ్బ తింటారండీ. లండన్‌లో జరిగిన ఆ మ్యాచ్‌లో క్రామ్నిక్ దాన్ని 1, 3, 9, 13 గేమ్‌లలో ఆడాడు, నాలుగూ డ్రా. మధ్యలో కాస్పరోవ్ 5, 7 గేమ్‌లలో మొదటి ఎత్తుగా సి4కి మారి చూశాడు, అదీ ఫలించలేదు. తెల్లతో ఎనిమిది గేమ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. 16 గేమ్‌ల మ్యాచ్ 15వ గేమ్‌కే 8.5–6.5తో ముగిసింది. కాస్పరోవ్ బలమంతా క్వీన్లు బోర్డు మీద ఉండగా చొరవ తీసుకోవడంలో ఉంది. బెర్లిన్ ఆ చొరవనే తీసేసింది. మీ ప్రత్యర్థి గురించి మీరు రాసింది చూస్తే లెక్క అక్కడా ఇక్కడా ఒకటే.

ఎత్తులు: 1.ఇ4 ఇ5 2.గుర్రం ఎఫ్3, గుర్రం సి6 3.బిషప్ బి5, గుర్రం ఎఫ్6 4.క్యాస్లింగ్, గుర్రం ఇ4 బంటును కొడుతుంది 5.డి4, గుర్రం డి6 6.తెల్ల బిషప్ సి6 గుర్రాన్ని కొడితే డి-బంటుతో తిరిగి కొట్టాలి 7.తెల్ల డి-బంటు ఇ5 బంటును కొడుతుంది, నల్ల గుర్రం ఎఫ్5 8.క్వీన్లు డి8లో మార్పిడి, రాజుతో కొట్టడం.

ఇక్కడ ఆగి బోర్డు చూడండి. నల్లకు క్యాస్లింగ్ పోయింది, సి6, సి7లో జంట బంట్లు ఉన్నాయి. బదులుగా రెండు బిషప్‌లూ చేతిలో ఉన్నాయి. తెల్లకు రాజు వైపు నాలుగు బంట్లు, నల్లకు మూడు. మంత్రి (క్వీన్) వైపు నల్లకు నాలుగున్నా, జంట బంట్ల వల్ల అవి వాటంతట అవి ముందుకు పోయే బంటును తయారుచేయలేవు. అందుకే పావులన్నీ మారిపోయి ఉత్త బంట్లు మిగిలితే తెల్ల గెలుస్తుంది. నేర్చుకునేవాళ్ళు తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే. క్వీన్లు పోయాయి, ఇంకా నాలుగు పావులు మారిస్తే డ్రా అనుకుంటారు. ప్రతి మార్పిడీ వాళ్ళను ఓటమికి ఒక మెట్టు దగ్గర చేస్తుంది. మినహాయింపు ఒకటుంది: వేర్వేరు రంగుల గళ్ళ బిషప్‌లు మిగిలితే నల్ల ఇ6 మీద కాపు వేసి నిలబడుతుంది. తెల్ల బంటు ఇ5లో ఉంది కాబట్టి ఎఫ్5, ఇ6 లాంటి తెల్ల గళ్ళు నల్ల చేతిలోకి వస్తాయి, వాటిని వదలకూడదు.

రెండో తప్పు, ఎఫ్5 గుర్రాన్ని మర్చిపోవడం. తెల్ల హెచ్3, జి4 తోస్తే ఆ గుర్రం ఎటు వెళ్తుందో ముందే తేల్చుకోవాలి. ఇ7 ఖాళీగా ఉంచాలి, లేదా హెచ్5 తోసి జి4ను ఆపాలి. రాజుకు రెండు చోట్లున్నాయి: సి8 దాటి మంత్రి వైపు, లేదా ఇ8. 1, 3 గేమ్‌లలో క్రామ్నిక్ సి8కి పోయాడు, 13వ గేమ్‌లో ఇ8లో ఉన్నాడు. ఆ గేమ్ 14 ఎత్తుల్లోనే డ్రా అయింది. అమ్మాయికి ఒక్క చోటే నేర్పండి, రెండూ వద్దు.

సాధన ఇలా: 8వ ఎత్తు తర్వాతి బోర్డు పెట్టి, తనతో 15 నిమిషాలు + ఎత్తుకు 10 సెకన్ల గేమ్‌లు ఇరవై ఆడించండి. పదింట్లో తను తెల్లతో ఆడాలి, అప్పుడే నల్ల ఎక్కడ కూలుతుందో తనకే తెలుస్తుంది.

మార్పిడివద్దు:
పైన చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ ప్రత్యర్థి 4వ ఎత్తుకు క్యాస్లింగ్ చేయకుండా డి3 ఆడితే ఆ ఎండ్‌గేమే రాదు. క్వీన్లు బోర్డు మీదే ఉంటాయి. రెండు నెలల్లో సగం సమయం దీనికి ఇవ్వండి, మామూలు స్థాయిలో డి3 కూడా తరచుగా ఎదురవుతుంది. 4...బిషప్ సి5 (చుక్కలుంటే నల్ల ఎత్తు) సాదా, గట్టి జవాబు. ఆ తర్వాత సి3 వస్తే క్యాస్లింగ్, బిషప్ సి6ను కొడితే డి-బంటుతో కొట్టడం.

4...గుర్రం ఇ7 అనే ఉచ్చు చూసి మురిసిపోకండి. తెల్ల గుర్రం ఇ5 బంటును కొడితే సి6 తోస్తాం, బిషప్ పక్కకు తప్పుకుంటే క్వీన్ ఎ5 నుంచి చెక్ ఇచ్చి ఇ5 గుర్రాన్ని పట్టేస్తుంది. తెల్ల గుర్రం సి4కి వస్తే మాత్రం తొందరపడి బి5 బిషప్‌ను కొట్టకూడదు, డి6లో గుర్రంతో అక్కడికక్కడే మేట్. డి6 తోయడం సరైనది. ఒక్క టోర్నమెంట్ గేమ్‌కైతే బాగుంటుంది గానీ, మ్యాచ్‌లో అదే మనిషి మళ్ళీ ఎదురుగా కూర్చుంటుంది, ఉచ్చు రెండోసారి పనిచేయదు.

డి4 సంగతి. క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్‌లో (డి4, సి4లకు డి5, ఇ6తో జవాబు) లాస్కర్ పద్ధతి చూడండి. బిషప్ ఇ7, హెచ్6, క్యాస్లింగ్ అయ్యాక 7వ ఎత్తుకు గుర్రం ఇ4. ముందు నల్లగళ్ళ బిషప్‌లు, తర్వాత గుర్రాలు మారతాయి, ఇరుకు తగ్గుతుంది. 2010 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, సోఫియాలో స్కోరు 5.5–5.5 ఉండగా చివరి గేమ్‌లో టొపలోవ్ మీద ఆనంద్ ఇదే ఆడి నల్లతో గెలిచాడు. అదే మ్యాచ్ మొదటి గేమ్‌లో గ్రున్‌ఫెల్డ్ (డి4కి మరో పదునైన జవాబు) ఆడి, తయారీలోని ఎత్తుల వరుస తారుమారై 30 ఎత్తుల్లో ఓడాడు. ఆనంద్ అంతటివాడికే అలా జరిగింది. కంఠతా పట్టిన వరుస మీద నిలబడే ఓపెనింగ్‌ను 1900 స్థాయిలో రెండు నెలల్లో కొత్తగా మొదలుపెట్టవద్దని నా గట్టి అభిప్రాయం.

నల్లగడి:
చాలా ఉపయోగపడింది. నైడార్ఫ్ పూర్తిగా పక్కన పెట్టేయాలా? చివరి గేమ్‌లో గెలిచి తీరాల్సి వస్తే?

ఎండ్‌గేమ్‌ప్రియ:
పక్కన పెట్టకండి. డ్రా సరిపోయే రోజు కూడా మెత్తగా ఆడాలనేం లేదు. 1985 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, మాస్కోలో 24వ గేమ్, కాస్పరోవ్‌కు నల్లతో డ్రా చాలు, కార్పోవ్ గెలవాలి. కాస్పరోవ్ తనకు అలవాటైన సిసిలియన్ ఆడి గెలిచాడు, 13–11. తెలిసిన బోర్డు మీద భయం తగ్గుతుంది.

ప్రత్యర్థి మధ్యలో దారి మారుస్తుందని కూడా లెక్కలో ఉంచుకోండి. 2018 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్ సిసిలియన్‌కు కరువానా మొదటి మూడు తెల్ల గేమ్‌లలో రొస్సోలిమో (3.బిషప్ బి5) ఆడాడు, 8వ గేమ్ నుంచి అసలు స్వెష్నికోవ్‌లోకి (సిసిలియన్‌లో మరో దారి) దిగి 7.గుర్రం డి5కి మారాడు. 2024 సింగపూర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డింగ్ మొదటి గేమ్‌లోనే ఫ్రెంచ్ (ఇ4కి ఇ6) ఆడి గుకేశ్‌ను ఓడించాడు. గుకేశ్ 5వ గేమ్‌లో బంట్ల మార్పిడి పద్ధతికి వెళ్ళి, 13వ గేమ్‌లో మళ్ళీ మొదటి గేమ్ దారికే కొత్త ఎత్తుతో వచ్చాడు. గుకేశ్ వెనక మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ లాంటివాళ్ళు పనిచేశారు మరి. మీకు అంత బలగం ఉండదు కాబట్టి ప్రతి నల్ల గేమ్ అయిన రాత్రి ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను ఆమె అయితే ఏ ఎత్తు దగ్గర మారతాను? ఆ ఒక్క కొమ్మనే గంటసేపు చూడండి, ఓపెనింగ్ తయారీ ఫైలు మొత్తం తిరగేయవద్దు.

గెలిచి తీరాల్సిన రోజు బెర్లిన్ ఆడకండి. తెల్లకు డ్రా చాలనుకుంటే 5.డి4 మాని రూక్ ఇ1 ఆడుతుంది. నల్ల గుర్రం డి6, తెల్ల గుర్రం ఇ5 బంటును కొట్టడం, నల్ల బిషప్ ఇ7. కాసేపటికి ఇ-బంట్లు రెండూ పోయి రెండువైపులా ఒకే ఆకారం మిగులుతుంది. అందులోంచి గెలుపు పిండటం చాలా కష్టం. ఆ రోజుకు నైడార్ఫే. అయితే డ్రా కోరే మనిషి అసలు నైడార్ఫ్‌లోకే రానివ్వదు. 2.సి3 గానీ, 2...డి6 తర్వాత 3.బిషప్ బి5 చెక్ గానీ ఇస్తుంది. ముందు ఈ రెండింటికి జవాబు తయారుచేయండి. బి5 చెక్‌కు బిషప్ డి7 అడ్డం పెడితే మార్పిడి అయి ఆట చల్లబడుతుంది, గెలవాలంటే గుర్రం డి7 అడ్డం పెట్టడం నేర్పండి.