అప్‌డేట్: అంతర్వేది ఒడ్డున పరుగు

కోనసీమలో సిమెంటు రోడ్డు కాకుండా మోకాళ్లకు హాయిగా ఉండే పరుగు దారి చెప్పమని పోయిన నెల అడిగాను కదండీ. మీరన్నట్టే అంతర్వేది వెళ్లాను. లైట్‌హౌస్ దగ్గర మొదలుపెట్టి, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు వైపు.

మొదటి రోజు తెలియక పోటు మీద వెళ్లాను. తడి ఇసుక అంతా నీళ్ల కింద, మిగిలింది పొడి ఇసుక. మడమ దాకా దిగిపోయి పిక్కలు పట్టేశాయి. పోటు వేళ రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి ఇప్పుడు దాన్ని చూసుకునే అలారం పెడుతున్నా. నీళ్లు తగ్గాక ఇసుక గట్టిగా, అడుగు పడితే చుట్టూ తెల్లగా ఆరినట్టు కనిపిస్తుంది. అదే నా ట్రాక్.

మిగతా రోజులు ఏటిగట్టే. ఎత్తుపల్లాలు అడిగినవాళ్లకు: మారేడుమిల్లి కొండల దాకా పోవాల్సిందే, ఇక్కడ కొండంటే కాలవ వంతెనే!