గాజులో కాంతి వేగం తగ్గడానికి అసలు కారణం ఏమిటి?

ప్రశ్న:
నేను డిగ్రీలో దృశాశాస్త్రం చదువుతున్నాను. గాజులోకి వెళ్లిన ఫోటాన్‌ను పరమాణువు శోషించుకొని కొంత ఆలస్యంగా తిరిగి విడుదల చేస్తుందని, ఆ ఆలస్యాలన్నీ కలిసి వేగాన్ని తగ్గిస్తాయని చాలాచోట్ల చదివాను. అదే నిజమైతే విడుదలైన కాంతి అన్ని దిశల్లోకీ చెదిరిపోవాలి కదా, మరి గాజు పారదర్శకంగా ఎలా ఉంటోంది? బయటికి రాగానే కాంతి తన పూర్వ వేగాన్ని మళ్లీ ఎలా పొందుతుంది?

మొదటి సమాధానం:
మీ అనుమానం సరైనదే. ఆ వివరణ లెక్కకు నిలవదు. వక్రీభవన గుణకం (శూన్యంలో కాంతి వేగం ఆ పదార్థంలోని వేగానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) 1.52 ఉన్న క్రౌన్ గాజు ఒక సెంటీమీటరు మందం దాటడానికి శూన్యంలో కంటే అదనంగా పట్టే కాలం సుమారు 17 పికోసెకన్లు మాత్రమే. సోడియం పసుపు కాంతికి కారణమైన ఉత్తేజిత స్థితి (పరమాణువు శక్తిని శోషించుకొని ఉన్న స్థితి) సగటు జీవితకాలమే సుమారు 16 నానోసెకన్లు, అంటే 16,000 పికోసెకన్లు. అంటే అలాంటి శోషణ ఒక్కసారి జరిగినా ఆలస్యం దాదాపు వెయ్యి రెట్లు పెరిగిపోతుంది.

రెండవ సమాధానం:
నిజంగా జరిగేది తరంగాల అధ్యారోపణం, అంటే అవి ఒకదానిపై ఒకటి చేరి కలిసిపోవడం. కాంతి విద్యుత్ క్షేత్రం గాజులోని ఎలక్ట్రాన్లను అదే పౌనఃపున్యంతో బలవంతంగా కంపింపజేస్తుంది. కంపించే ప్రతి ఎలక్ట్రానూ తిరిగి తరంగాలను వెలువరిస్తుంది. గాజును అతి పలుచని పొరలుగా ఊహించుకుంటే, ఒక్కొక్క పొర నుంచి ముందుకు వెలువడే తరంగం అసలు తరంగం కంటే దశలో (కంపన చక్రంలోని స్థానంలో) 90 డిగ్రీలు, అంటే పావు చక్రం, వెనుకబడి ఉంటుంది. ఈ రెండింటి మొత్తం దశలో రవ్వంత వెనుకబడుతుంది. పొర తరువాత పొరగా ఆ వెనుకబాటు పేరుకొని మనకు తక్కువ వేగంగా కనిపిస్తుంది. పౌనఃపున్యం మారదు, తరంగదైర్ఘ్యం తగ్గుతుంది: శూన్యంలో 589 నానోమీటర్ల సోడియం కాంతికి ఈ గాజులో అది సుమారు 388 నానోమీటర్లు.

పక్కలకు చెదరకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఒక తరంగదైర్ఘ్యం పొడవులో వందల పరమాణువులు ఉంటాయి కనుక, పక్క దిశల్లోకి వెళ్లే తరంగాలు ఒకదానినొకటి దాదాపు పూర్తిగా రద్దు చేసుకుంటాయి, ముందు దిశలోనివి మాత్రం బలపడతాయి. బయటికి వచ్చాక దశను వెనక్కి లాగే ఎలక్ట్రాన్లు ఉండవు. అందువల్ల కాంతి తిరిగి వేగం పుంజుకోవలసిన అవసరమే రాదు.

అడిగినవారు:
చాలా స్పష్టంగా అర్థమైంది, ధన్యవాదాలు. అయితే ఎక్స్-కిరణాలకు గాజు వక్రీభవన గుణకం 1 కంటే తక్కువ అని చదివాను. అప్పుడు అవి శూన్యంలోని కాంతిని మించిన వేగంతో పోతున్నట్లేనా?

మూడవ సమాధానం:
మించేది దశా వేగం, అంటే తరంగ శిఖరాలు కదిలే వేగం మాత్రమే. గాజు ఎలక్ట్రాన్ల ప్రధాన సహజ పౌనఃపున్యాలు అతినీలలోహిత ప్రాంతంలో ఉన్నాయి. దృశ్యకాంతిలో ఎరుపు కంటే నీలం వాటికి దగ్గర కాబట్టే నీలానికి వక్రీభవన గుణకం ఎక్కువ. పట్టకం రంగులను విడదీయడానికి మూలం ఇదే. ఎక్స్-కిరణాల పౌనఃపున్యం ఆ విలువలను బాగా దాటిపోవడం వల్ల ఎలక్ట్రాన్లు క్షేత్రానికి వ్యతిరేక దశలో కంపిస్తాయి, ఫలితంగా మొత్తం తరంగం దశలో ముందుకు జరుగుతుంది. అయినా శిఖరాలు అనంతంగా ఒకేలా సాగే తరంగం ఏ సమాచారాన్నీ మోయదు. శూన్యంలోని కాంతి కంటే ముందుగా ఏ సంకేతమూ చేరదు.

దశా వేగానికీ సమూహ వేగానికీ (కాంతి స్పందం మొత్తంగా కదిలే వేగానికి) ఉన్న తేడా కాగితానికే పరిమితమైనది కాదు. అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త మైకెల్సన్ 1880ల దశకంలో కార్బన్ డైసల్ఫైడ్‌లో కాంతి వేగాన్ని నేరుగా కొలిచినప్పుడు, గాలిలోని వేగం దానికి 1.76 రెట్లు వచ్చింది, ఆ ద్రవం వక్రీభవన గుణకమేమో సుమారు 1.64. ఆయన కొలిచినది సమూహ వేగాన్ని.