వీడియో కంపెనీలు టెల్కోలకు ‘వాటా’ కట్టాలా?

సిగ్నల్‌రాజు:
పెద్ద వీడియో కంపెనీలు నెట్‌వర్క్ ఖర్చులో టెల్కోలకు (జియో, ఎయిర్‌టెల్ లాంటి టెలికాం సంస్థలకు) వాటా కట్టాలని వాటి సంఘం సీఓఏఐ అడుగుతోంది. అందులో తప్పేముంది? నెట్‌వర్క్ మీద సింహభాగం భారం కొద్దిమంది పెద్ద కంపెనీల వీడియోలదే. 2022 వేలంలో సుమారు లక్షన్నర కోట్లు పోసి 5జీ స్పెక్ట్రం (సిగ్నళ్లు పంపే రేడియో తరంగాలు వాడుకునే హక్కు) కొన్నది మాత్రం టెల్కోలు. యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వాళ్లు కూడా ఖర్చులో ఓ చెయ్యి వేస్తే మన రీఛార్జి పెరగదు కదా!

నెట్టింటి అల్లుడు:
రాజు గారూ, నెట్‌ఫ్లిక్స్ తనంతట తాను మీ ఫోన్లోకి దూరట్లేదండీ. మీరు నొక్కితేనే వస్తోంది. రోజుకు ఇన్ని జీబీలని మీరు డబ్బు కట్టింది అందుకే. ఆ జీబీకే అవతలివాళ్ల దగ్గరా వసూలు చేస్తే ఒక సరుక్కి రెండు బిల్లులు. పైగా ఎక్కువమంది చూసే వీడియోలు దగ్గర్లోనే ఉండేలా ఆ కంపెనీలు సొంత ఖర్చుతో సర్వర్లు పెడుతున్నాయి. దాంతో టెల్కోలకూ దూరం నుంచి డేటా తెచ్చుకునే ఖర్చు తగ్గుతోంది. ఈ సంగతి సీఓఏఐ ఎత్తదు.
దక్షిణ కొరియాలో ఏమైంది? నెట్‌వర్క్ ఫీజులు చాలా దేశాలకంటే పది రెట్లున్నాయని చెప్పి లైవ్ వీడియోల సైటు ట్విచ్ 2024 ఫిబ్రవరిలో అక్కడ దుకాణం సర్దేసింది.
ఇక రీఛార్జి అంటారా, 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ ఒకరి వెనక ఒకరు పెంచేశారు. వాటా వస్తే ఇక పెంచబోమని ఎవరైనా రాసిచ్చారా?

సిగ్నల్‌రాజు:
కానీ చట్టం అడ్డు రాదుగా. 2016 ఫిబ్రవరి నాటి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నియమం వాడకందారుల దగ్గర తీసుకునే ధర గురించి. సైటుకో రేటు పెట్టొద్దంది, దాంతో కొన్ని సైట్లే ఉచితంగా ఇచ్చే ఫేస్‌బుక్ పథకం ఫ్రీ బేసిక్స్ ఆగిపోయింది. ఇది కంపెనీల మధ్య బేరం.

నెట్టింటి అల్లుడు:
సరే, బేరం తెగలేదనుకోండి. అప్పుడేం చేస్తారు? వీడియో నెమ్మదిగా వచ్చేలా చేస్తామని బెదిరించకపోతే ఫీజు ఎందుకిస్తారు? అలా వేగం తగ్గించకూడదని 2018లో లైసెన్సు షరతుల్లోనే పెట్టారు. అంటే ఈ వాటా రావాలంటే ముందు ఆ షరతు సడలాలి. నా భయమంతా అదే.

మండలం కేబుల్‌నెట్:
మాలాంటి చిన్న ఆపరేటర్ల సంగతేంటండీ? కోట్ల చందాదారులున్నవాళ్లతో గూగుల్ బేరానికి కూర్చుంటుంది. మా మొహం చూసి ఎవరు కడతారు? ఆ డబ్బుతో పెద్ద టెల్కోలు రేటు తగ్గిస్తే మా కనెక్షన్లు ఊడతాయి.

సిగ్నల్‌రాజు:
అయితే టెల్కోలు కడుతున్న డిజిటల్ భారత్ నిధికే వీడియో కంపెనీలనూ కట్టమంటే?

నెట్టింటి అల్లుడు:
అది వేరే మాట. పల్లెలకు లైన్లు వేసే నిధి, లెక్క ప్రభుత్వం చెప్పాలి. దానికైతే నాకు అభ్యంతరం లేదు. టెల్కోల జేబులోకి అంటేనే ఒప్పుకోను.