లెక్క తేలకపోతే సూత్రాన్ని మార్చాలా, కనిపించనిదాన్ని వెతకాలా?

లోలకం:
గెలాక్సీల అంచున ఉన్న నక్షత్రాలు లోపలివాటితో దాదాపు సమానమైన వేగంతో తిరుగుతున్నాయి. కనిపించే పదార్థాన్ని బట్టి చూస్తే అంత వేగం ఉండకూడదు. దానికి డార్క్ మ్యాటర్, అంటే కంటికి కనిపించకుండా గురుత్వంతో లాగే పదార్థం, కారణమంటూ దశాబ్దాలుగా వెతుకుతున్నారు, ఒక్క కణమైనా చేతికి చిక్కలేదు. ఇక మార్చాల్సింది గురుత్వ సిద్ధాంతాన్నే. బుధుడి విషయంలో జరిగింది అదే కదా?

చుక్కలలెక్క:
బుధుడి కంటే ముందు యురేనస్ సంగతి చూడండి. అది లెక్క ప్రకారం నడవడం లేదని తెలిసినా ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే న్యూటన్ గురుత్వ సూత్రం జోలికి పోలేదు. అవతల ఇంకేదో గ్రహం లాగుతోందనుకుని, అది ఎక్కడుండాలో కాగితం మీదే తేల్చి బెర్లిన్ అబ్జర్వేటరీలోని గాలెకు ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబరు 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే గాలె వెతికితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. అప్పటిదాకా అదీ కనిపించని పదార్థమే!

లోలకం:
ఆ లెవెరియేనే 1859లో బుధుడి కక్ష్య మెల్లగా తిరిగే తీరులో లెక్కకందని తేడా ఉందని, సూర్యుడి దగ్గర ఇంకేదో ఉండాలని అన్నాడు. వల్కన్ అని పేరు కూడా పెట్టేశారు, గ్రహణాలప్పుడు వెతికారు. ఏదీ? మనిషి అతనే, పద్ధతీ అదే, ఈసారి బోల్తా పడ్డాడు. తర్వాత సరిచూస్తే ఆ తేడా శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు, అంటే డిగ్రీలో దాదాపు 84వ వంతు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సిద్ధాంతపు సమీకరణాల్లోంచి ఆ 43 దానంతటదే వచ్చింది, ఏ అతుకూ లేకుండా.

రెండోబెంచీ:
నాకో డౌట్. అంటే న్యూటన్ చెప్పింది తప్పా? మరి రాకెట్లకు ఇంకా అదే ఎందుకు?

చుక్కలలెక్క:
దాని హద్దు ఎక్కడో తెలిసిందంతే. వేగాలు తక్కువగా, గురుత్వం బలహీనంగా ఉన్నచోట ఐన్‌స్టీన్ లెక్క న్యూటన్ లెక్కలోకే వచ్చి చేరుతుంది. లోలకం గారూ, మీ పేచీ ఇక్కడే. కొత్త సిద్ధాంతం పాతది చెప్పినవన్నీ చెప్పాలి, ఆపైన ఇంకొంచెం చెప్పాలి. భౌతిక శాస్త్రవేత్త మిల్‌గ్రోమ్ 1983లో తెచ్చిన మాండ్ (డార్క్ మ్యాటర్ బదులు న్యూటన్ సూత్రాన్నే సవరించే సిద్ధాంతం) విడివిడి గెలాక్సీలకు బాగానే పనిచేస్తుంది. గెలాక్సీ గుంపుల దగ్గరకొస్తే దానికీ కనిపించని పదార్థం కావాల్సి వస్తోంది.

లోలకం:
గుంపుల దగ్గర మాకు దెబ్బే, ఒప్పుకుంటాను. మీరూ ఒకటి చెప్పండి. సుడి గెలాక్సీలో కనిపించే పదార్థం ఎంతో తెలిస్తే చాలు, దాని అంచు ఎంత వేగంగా తిరుగుతుందో దగ్గరదగ్గరగా చెప్పేయొచ్చు. లాగేది ఎక్కువగా కనిపించని సరుకైతే, కనిపించేదాన్ని చూసి చెప్పే లెక్క ఎలా కుదురుతోంది?