క్లాసులో ఫోన్ బంద్, ఫోన్ లేకుంటే నాకు బోర్డు కనబడదు: అనుమతి ఎవరిస్తరు?

నల్గొండలో డిగ్రీ సెకండియర్, బీఎస్సీ మ్యాథ్స్. నాకు లో విజన్ (చూపు తక్కువ), 50 శాతం, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంది. ఫోన్ కెమెరాతో బోర్డును జూమ్ చేసి రాసుకుంటాను. ఈ సెమిస్టర్ నుంచి క్లాసులో ఫోన్లు పూర్తిగా బంద్ చేశారు, కనబడితే తీసేసుకుంటున్నారు. రూల్ మంచిదే, రీల్స్ చూసేటోళ్లు తక్కువేం లేరు.

ముందు బెంచీకి మారాను. ఆరడుగుల దూరం నుంచి కూడా ఇంటిగ్రల్ లిమిట్స్, పవర్లు అలుక్కుపోయినట్టే ఉంటాయి. దోస్తుల నోట్స్ జిరాక్స్ తీసుకుంటే లెక్క ఏ స్టెప్పులో ఎందుకు మారిందో అర్థం కాదు. సర్లలో ఒకరు పర్వాలేదంటారు, ఇంకొకరు ప్రిన్సిపాల్ సంతకం తెమ్మంటారు. సర్టిఫికెట్ జతచేసి ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. "చూద్దాం" అన్నారు, రసీదు ఇవ్వలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 16 ప్రకారం విద్యార్థి అవసరాన్ని బట్టి కాలేజీ తగిన వెసులుబాటు ఇవ్వాలి. యూజీసీ 2023 నిబంధనల్లో విద్యార్థి ఫిర్యాదుల కమిటీ, దానిపైన అంబుడ్స్‌పర్సన్ (అప్పీళ్లు వినే అధికారి) ఉన్నారు. గొడవ పెట్టుకోవాలని లేదు, ఒక్క కాగితం చాలు.

క్లాసులో ఫోన్ గానీ ట్యాబ్ గానీ వాడుకోవడానికి రాతపూర్వక అనుమతి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దరఖాస్తు ఎవరి పేరున పెట్టారు?