ఆదిమ మూలాలు ఎక్కడపడితే అక్కడ చల్లినట్టు ఉంటాయా? 59 దగ్గర నాకు కుదరట్లేదు

మొండిలెక్క:
ఎక్కడ చదివినా ఒకటే మాట. ప్రధాన సంఖ్య పికి ఆదిమ మూలాలు 1 నుంచి పి−1 దాకా యాదృచ్ఛికంగా చెదిరి ఉంటాయట, క్యారెక్టర్ సమ్‌లతో (శేషాలకు గుణకారానికి సరిపడే ప్రత్యేక విలువలిచ్చి వాటిని కూడే పద్ధతి) అది రుజువైపోయిందట. నేను ఒప్పుకోను.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక సంఖ్యను దానితోనే గుణించుకుంటూ పోయి, ప్రతిసారీ పితో భాగించి శేషం రాసుకోండి. సున్నా తప్ప శేషాలన్నీ వచ్చేస్తే ఆ సంఖ్య ఆదిమ మూలం. 7కి 3 అలాంటిది: 3, 2, 6, 4, 5, 1, ఆరూ వచ్చాయి. అదే 2 తీసుకుంటే 2, 4, 1 దగ్గరే గిరగిరా తిరుగుతుంది.

ఇక 59. చేత్తోనే వేశాను. మొదటి సగంలో, అంటే 1 నుంచి 29 దాకా, ఉన్నవి ఇవీ: 2, 6, 8, 10, 11, 13, 14, 18, 23, 24. పదే. మొత్తం 28 ఉండాలి కాబట్టి రెండో సగంలో 18. బొమ్మా బొరుసూ వేసినా అప్పుడప్పుడు ఇలా పడుతుంది అంటారని ఇంకొన్ని చూశాను. మొదటి సగంలో ఎన్ని, రెండో సగంలో ఎన్ని అన్న వరుసలో: 11కి 1–3, 23కి 4–6, 47కి 9–13, 83కి 16–24, 107కి 22–30. ఒక్కసారైనా ఇటువైపు మొగ్గాలా వద్దా?

చాక్‌పీస్:
లెక్కలో తప్పు లేదండీ. కిటుకంతా మీరు ఏరుకున్న సంఖ్యల్లో ఉంది. ఆ ఆరూ 2క్యూ+1 రూపంలో ఉన్నవే, క్యూ కూడా ప్రధానమే. అలాంటి పి దగ్గర వర్గ శేషం (ఏదో సంఖ్య వర్గాన్ని పితో భాగిస్తే మిగిలేది) కాని ప్రతి సంఖ్యా ఆదిమ మూలమే, ఒక్క పి−1 తప్ప. అంటే మీరు ఆదిమ మూలాలను లెక్కపెట్టాననుకుంటూ వర్గ శేషాలు కానివాటిని లెక్కపెట్టారు.

వాటి సంగతి డిరిష్లే 1839లోనే తేల్చేశాడు. పిని 4తో భాగిస్తే 3 మిగిలేటప్పుడు మొదటి సగంలో వర్గ శేషాలదే పైచేయి, ఎప్పుడూ. ఎంత ఎక్కువో కూడా తెలుసు. 3ని పక్కనపెడితే, 8తో భాగించినప్పుడు శేషం 7 వస్తే తేడా సరిగ్గా క్లాస్ నంబర్ (√−పి చేర్చిన సంఖ్యాక్షేత్రానికి ఉండే ఒక ధన పూర్ణాంకం) అంత, 3 వస్తే దానికి మూడింతలు. 59ని 8తో భాగిస్తే 3 మిగులుతుంది, దాని క్లాస్ నంబర్ 3, కాబట్టి తేడా 9. మొదటి సగంలో శేషాలు 19, కానివి 10. మీ పది అక్కడిదే.

కొసమెరుపు:
అయితే మొండిలెక్క గారి వాదన పోయినట్టేగా. తేడా పరిమాణం చూడండి. నాణెం 29 సార్లు ఎగరేస్తే బొమ్మలకూ బొరుసులకూ మధ్య మామూలుగా వచ్చే తేడా √29 చుట్టుపక్కల, అంటే 5 పైచిలుకు. 9 వచ్చిందంటే కొంచెం ఎక్కువే కానీ వింతేం కాదు.

ఇంకో మాట. 2క్యూ+1 రకం ప్రధానాలు అనంతంగా ఉన్నాయని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. ఎన్ని ఉన్నాయో తెలియని వాటి మీద ఇల్లు కట్టి, ఊరంతా ఇలాగే ఉందంటే ఎలా? 31 చూడండి: 3, 11, 12, 13, 17, 21, 22, 24. నాలుగూ నాలుగూ. 43కి ఆరూ ఆరూ.

మొండిలెక్క:
పరిమాణం గురించి నేను అడగలేదండీ, దిశ గురించి అడిగాను. నాణెం ఎప్పుడూ ఒకేవైపు పడుతుంటే, ‘పడిన తేడా చిన్నదేలే’ అని సరిపెట్టుకుంటామా?

31 మీరే తెచ్చారు కాబట్టి ఆ ఎనిమిదీ కూడండి. 123 వస్తుంది. 31తో భాగిస్తే ఒకటి తక్కువ 124, అంటే శేషం −1. ఇదేం కాకతాళీయం కాదు. ఆదిమ మూలాల మొత్తాన్ని పితో భాగిస్తే వచ్చే శేషం ఎప్పుడూ పి−1 యొక్క మోబియస్ విలువకే సమానమని గాస్ 1801లోనే చూపించాడు (ప్రధాన కారణాంకం ఏదైనా మళ్లీ వస్తే ఆ విలువ 0; లేకపోతే వాటి సంఖ్య సరి అయితే 1, బేసి అయితే −1). 30కి మూడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, కాబట్టి −1. 4తో భాగిస్తే 1 మిగిలే పి అయితే జి ఉన్నచోట పి−జి కూడా ఉండితీరాలి. 13కి 2, 6, 7, 11, అద్దంలో పెట్టినట్టు. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఉన్నదాన్ని యాదృచ్ఛికం అంటే నవ్వొస్తుంది.

కోడ్‌తిరగలి:
నేను ప్రోగ్రామింగ్ వైపు మనిషిని. ఆదిమ మూలం కావాలంటే గుడ్డిగా ఒక సంఖ్య తీసుకుంటాను, పి−1 ప్రధాన కారణాంకం ఒక్కోదానితో పి−1ని భాగించి ఆ ఘాతానికి లెక్కిస్తాను, ఎక్కడా 1 రాకపోతే దొరికినట్టే. 59 అయితే 2, 29 ఘాతాలు చూస్తే చాలు. మూడు నాలుగు ప్రయత్నాల్లో పని అయిపోతుంది. మీ గొడవ వల్ల నా కోడ్‌లో ఒక్క లైనైనా మారుతుందా?

చాక్‌పీస్:
మారదు. కాకపోతే 2311 మీద మీ సగటు చూసుకోండి. 2310 అంటే 2, 3, 5, 7, 11ల లబ్ధం. ఆదిమ మూలాలు 480, అంటే అయిదింట ఒకటి. 59కి దాదాపు సగానికి సగం.

అసలు విషయానికి వస్తే, మొండిలెక్క గారి మొదటి పోస్టులో రెండు ఆరోపణలు కలిసిపోయాయి. ‘యాదృచ్ఛికం’ అనే మాట తప్పన్నది ఒకటి, దాన్ని క్యారెక్టర్ సమ్‌లు రుజువు చేశాయన్నది తప్పని ఇంకొకటి. రెండోదాంట్లో నేను ఆయన పక్షమే.

గణితజ్ఞులు పోయా, వినోగ్రాదవ్ 1918లో చూపింది ఇదీ: ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపినా, క్యారెక్టర్ విలువల మొత్తం √పి లాగ్ పి స్థాయిని దాటదు. దాన్ని ఆదిమ మూలాలకు వాడితే, హెచ్ పొడవున్న ముక్కలో వాటి నిష్పత్తి మొత్తం మీదున్న నిష్పత్తికి దగ్గరగా ఉంటుంది. కానీ హెచ్ √పి కన్నా బాగా పెద్దదైతేనే. చిన్న ముక్కలో ఏం జరుగుతుందో ఆ పద్ధతి నోరు విప్పదు. 1962లో బర్జెస్ దాన్ని లాక్కొచ్చి పి నాలుగో మూలం దాకా తెచ్చాడు. యాదృచ్ఛిక నమూనా నిజమైతే అతి చిన్న ఆదిమ మూలం లాగ్ పి ఘాతాల స్థాయిలోనే దొరకాలి. సాధారణీకరించిన రీమాన్ పరికల్పనను (ఇంకా రుజువు కాని ఒక ప్రసిద్ధ ఊహ) నమ్మితే లాగ్ పి ఆరో ఘాతం చాలని 1992లో షూప్ చూపాడు. నమ్మకపోతే? 409కి అతి చిన్నది 21, √409 ఇరవై పైచిలుకే. 409 దాటాక అది ఎప్పుడూ √పి − 2 కన్నా తక్కువే ఉంటుందని గ్రాస్‌వాల్డ్ 1981లో అన్నాడు. ఇంత మామూలు మాటకే షరతులు లేని పూర్తి రుజువు లేదు. 2016లో కోహెన్, ఒలివేరా ఇ సిల్వా, ట్రడ్జియన్ 2.5×10^15 లోపలా, 3.38×10^71 పైనా సరేనన్నారు. మధ్యలో అంత అగాధం!

కొసమెరుపు:
నమూనా పనికిరాదని మీరూ అనట్లేదుగా. 2 లాంటి ఒక సంఖ్య మొత్తం ప్రధానాల్లో ఎంత భాగానికి ఆదిమ మూలం అవుతుందో చెబుతూ ఆర్టిన్ 1927లో ఊహించిన 0.3739… నిష్పత్తి ఆ నమూనా నుంచి పుట్టిందే.

మొండిలెక్క:
ఆ ఊహే 5 దగ్గర బోర్లా పడింది. 5తో భాగిస్తే 1 మిగిలే ప్రతి పికీ, అంటే 11, 31, 41 వగైరా, 5 వర్గ శేషం అయిపోతుంది. ఇక ఆదిమ మూలం ఎక్కడ కాగలదు? ఆదిమ మూలం కావడానికి పి−1 ప్రధాన కారణాంకాలు పెట్టే షరతులు వేటికవి అనుకుని గుణించేయడమే తప్పు. 1950ల చివర్లో లేమర్ దంపతుల కంప్యూటర్ లెక్కల్లో ఆ తేడా బయటపడింది. 20/19తో గుణిస్తే 0.3936. హూలీ 1967లో రీమాన్ షరతు మీద రుజువు చేసింది కూడా సవరించిన సూత్రాన్నే.

కొసమెరుపు:
సరే, అక్కడ మీదే మాట. కానీ సవరించాక నమూనా నిలబడిందనేది కూడా ఒప్పుకోండి.

మొండిలెక్క:
ఒప్పుకున్నా. మీ 31 మాత్రం నన్ను వదలట్లేదు. అక్కడ మొదటి సగంలో వర్గ శేషాలు కానివి ఆరు, వాటిలో 6, 15 ఆదిమ మూలాలు కాకపోవడంతో లెక్క సమమైంది. అంటే 30 కారణాంకాలైన 3, 5 వైపు నుంచి వచ్చే క్యారెక్టర్లు డిరిష్లే మొగ్గుకు ఎదురు లాగగలవు. ఎంత దాకా లాగగలవు? 4తో భాగిస్తే 3 మిగిలేవాటినే తీసుకుని రాత్రి ఇంకొన్ని వేశాను. 19కి 2–4, 67కి 10–10, 71కి 9–15. క్లాస్ నంబర్ 1 కదా, ఇక్కడైనా తిరగబడుతుందని 163 దాకా వెళ్లాను. 26–28. మొదటి సగం గెలిచిన పి ఎవరికైనా దొరికితే ఇక్కడ పెట్టండి.

కోడ్‌తిరగలి:
పది లక్షల దాకా రన్ పెడుతున్నా, ఆగండి.