సమస్య (ఇచ్చిన పాదంతో ముగిసేలా కవులు పద్యం పూరించాలి; వారి పేర్లు ఛందస్సుల పేర్లతో పెట్టుకున్న మారుపేర్లు): “అందరున్న సభకె హాని కలుగు”

నిర్వాహకుడు: ఆటవెలది అనే ఛందస్సులో నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (“హాని”, “కలుగు” లాంటి చిన్న అక్షరాల గుంపులు), అ–హా యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదిరే అక్షరం). జనం నిండితే సభకు కళ రావాలి గాని హాని ఎందుకు? చర్చాగోష్ఠి విషయంగా పూరించండి. ఒక షరతు: పద్యం పంపినవారు ఇంకొకరి పద్యం మీద ఒక్క మాటైనా చెప్పాలి. పోయినసారి పద్యాలు వచ్చాయి గాని, చదివినవారి జాడ లేదు.

తేటగీతి:
ఒకరు చూతురనుచు నొకరూరకుండగా
ప్రశ్న వచ్చి నిలిచె బదులు లేక
ఎవరి పనియొ యన్న నెవరిదో యనిరయ్య
అందరున్న సభకె హాని కలుగు

నిర్వాహకుడు: రెండో పాదం ప్రాణం. గుమ్మంలో నిలబడ్డ ప్రశ్న కళ్ళకు కట్టింది. “అయ్య” మాత్రం గణం నింపడానికే వచ్చింది. “యనినారు” అంటే సలగణమే (అక్కడ కావలసిన అక్షరాల కొలతే), ఊతపదం పోతుంది.

ద్విపద: భావానికి శాస్త్రం సాక్ష్యం కూడా ఉంది. 1968లో డార్లీ, లటానే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో పక్క గదిలో ఎవరో మూర్ఛతో అవస్థపడుతున్నట్టు వినిపించారు. విన్నది తానొక్కడే అనుకున్నవారిలో 85 శాతం మంది ఆ గొంతు ఆగిపోకముందే సాయానికి కదిలారు. మరో నలుగురూ వింటున్నారనుకున్నవారిలో 31 శాతమే. మనసు లేక కాదు, బరువు పంచుకున్నామన్న భ్రమ. ఇక నా పూరణ:

వేడుక యనగానె వేగమె వత్తురు
ఊడ్చు వేళ కొకరు నుండ రచట
చేయి సాచి పిలువ జేరువ లోనైన
అందరున్న సభకె హాని కలుగు

తేటగీతి: “అందరు, ఉన్న సభకె” అని విరిచారు! పక్కనే ఉన్నా చేతికి అందరు, దాంతో ఉన్న సభ కాస్తా పోతుంది. భేష్. కానీ “లోనైన” తరువాత ద్రుతసంధి (పదం చివరి నకారం తరువాతి అచ్చుతో కలవడం) వస్తే “నందరు” కావాలి. సమస్యాపాదాన్ని మనం ముట్టుకోరాదు కదా.

ద్విపద: నిజమే. “జేరువ నున్నారు” అని మారుస్తాను. వాక్యం అక్కడే ముగుస్తుంది కనుక విసంధి (సంధి చేయకపోవడం) చెల్లుతుంది.

మత్తకోకిల:
వంతు వేసికొనుచు బరువు మోసిన చోట
చేరు కొత్తవారు చెదర రెవరు
కల్ల గాక యేమి కవులార యీ మాట
“అందరున్న సభకె హాని కలుగు”

నిర్వాహకుడు: సమస్యనే అబద్ధమనడం పాత ఉపాయమే, ఇక్కడ అతికింది. ధార బాగుంది.

ద్విపద: నాకు అంత తేలిగ్గా మింగుడుపడలేదు. వంతులు వేసేది ఎవరు? ఆ పనీ ఒక్కరి నెత్తిన పడితే మొదటికే వస్తాం. ఆయన అలసిపోయిన రోజున గోష్ఠికి తాళమే. అందరూ పల్లకి ఎక్కేవారే అయితే మోసేవారెవరు?

మత్తకోకిల: వంతు ఎవరూ వేయనక్కర లేదు, పేరు పెట్టి అడిగితే చాలు. “ఎవరైనా చెప్పండి” అన్న ప్రశ్న గాలిలో పోతుంది, “తేటగీతి గారూ, ఈ యతి చెల్లుతుందా?” అంటే బదులు రాక తప్పదు. కొత్తవారి మొదటి పద్యానికి తప్పులు ఏకరువు పెట్టకుండా, నిలిచిన పాదం ఒకటి చూపించడం కూడా మోతలో భాగమే. వచ్చే సమస్య నేనిస్తాను. ద్విపద గారూ, గణాలూ యతులూ మీరు చూడాలి.

ద్విపద: చూస్తాను. కంద పద్యంలో ఇవ్వండి, ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) దగ్గర ఎవరు జారతారో తేలుతుంది.